సహజమైనదంతా మట్టిలో కలుస్తుందా? చెక్క, వెదురు, పేడ, గుజ్జుతో చేసే నేటి శిల్పం

వినాయక చవితి ఇంకా నెల ఉందనగానే హైదరాబాద్‌లో ఏటా ఒక వాదన మొదలవుతుంది. మట్టి విగ్రహం మంచిదా, కాగితం గుజ్జుదా, పేడతో చేసిందా? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా భూమిలో దొరికేదే కదా, దానికెందుకు అంత అభ్యంతరం? ఇదే నగరంలో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట వెదురు, కొబ్బరి పీచు, విత్తనాలతో చేసిన శిల్పం ఎదురైతే వచ్చే ప్రశ్నలు వేరు. ఇది ఎన్నాళ్లుంటుంది? పురుగు పట్టదా? పాడైపోయే వస్తువుకు ఇంత ధర దేనికి?

ఈ రెండు చర్చల్లోనూ చిక్కుముడి ఒకటే. ‘సహజం’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులు చెప్పేస్తున్నాం. ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చింది, దానిలో ఏం కలిపారు, చివరికి అది ఎక్కడికి పోతుంది అన్నవే ఆ మూడు. వీటిని విడదీసి చూస్తే చాలా సందేహాలు తేలిపోతాయి. తేలనివి కొన్ని మిగులుతాయి, వాటి దగ్గరికీ వెళ్దాం.

ఒకేలా వినిపించే నాలుగు మాటలు

‘సహజ పదార్థం’ అంటే ప్రకృతిలో దొరికేది. రాయి, మట్టి, జిప్సం, చెక్క అన్నీ ఇందులోకి వస్తాయి.

‘సేంద్రియం’ అనగానే మనకు ఎరువులు, పురుగుమందులు లేని పంట గుర్తొస్తుంది. శిల్పకళలో ఆ మాటకు అర్థం వేరు. ఒకప్పుడు ప్రాణమున్నది, లేదా ప్రాణి నుంచి వచ్చింది సేంద్రియం. చెక్క, వెదురు, నార, వెంట్రుకలు, తోలు, తేనెమైనం, లక్క, పేడ, పుప్పొడి, పండ్ల తొక్కలు ఈ జాబితాలోవి. ఈ లెక్కన మట్టి సహజమే గానీ సేంద్రియం కాదు. ఈ తేడా పనిలో చాలా ముఖ్యం. మట్టిని బూజు తినదు, పురుగు తొలచదు. సేంద్రియ పదార్థం ఏదైనా సరే, మరో ప్రాణికి ఆహారమే.

‘మట్టిలో కలిసేది’ అన్న మాట వెనుక ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది: ఏ పరిస్థితుల్లో? మొక్కజొన్న పిండి నుంచి తయారయ్యే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌నే తీసుకోండి. త్రీడీ ప్రింటర్లలో దాన్ని విరివిగా వాడుతున్నారు. అది కుళ్లాలంటే 60 డిగ్రీల చుట్టుపక్కల వేడి నిలిచి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. పెరట్లో గొయ్యి తీసి పాతిపెడితే ఏళ్లు గడిచినా దాదాపు అలాగే ఉంటుంది.

ఇక ‘పర్యావరణ హితం’ అంటే మొత్తం లెక్క. ముడిసరుకు తెచ్చిన లారీ డీజిల్ నుంచి పైపూత రంగు వరకు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వినడానికి తేలికగా ఉన్నా, రుజువు చేయడం అన్నిటికంటే కష్టమైన మాట ఇదే.

ప్లాస్టర్, మట్టి, కాల్చిన మట్టి: ఒక చిన్న పోలిక

జిప్సం సహజ ఖనిజం. దాన్ని సుమారు 150 డిగ్రీలకు వేడిచేస్తే లోపలున్న నీటిలో ముప్పాతిక వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది. నీళ్లు కలపగానే ఆ నీటిని తిరిగి పట్టేసుకుని మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. అంటే ‘సహజమా?’ అన్న ప్రశ్నకు ప్లాస్టర్ దగ్గర కూడా కొంత జవాబు ఉంది. అది ఓడిపోయేది చివరి ప్రశ్న దగ్గర. లీటరు నీటిలో జిప్సం రెండు గ్రాములకు కాస్త మించి కరుగుతుంది, అంతే. చెరువులో వేసిన విగ్రహం నెలల తరబడి అడుగున పడి ఉండి పూడికకు తోడవుతుంది.

పచ్చి మట్టి నీళ్లు తగలగానే విడిపోయి బురదవుతుంది. అదే మట్టిని బట్టీలో 600 డిగ్రీలు దాటించి కాలిస్తే దాని నిర్మాణంలో కట్టుబడి ఉన్న నీరు కూడా పోతుంది. అలా అయిన టెర్రకోట మళ్లీ మట్టిగా మారదు. పదార్థం ఒకటే, వేడి మారేసరికి చివరి గమ్యం మారిపోయింది.

కలిపినవాటి సంగతి మరీ ముఖ్యం. పచ్చి మట్టి విగ్రహానికి సీసం, క్రోమియం ఉన్న రంగులు వేస్తే మట్టి ఒక్క రోజులో కరిగి ఆ లోహాలను ఇంకా తొందరగా నీటికి అప్పగిస్తుంది. అందుకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ గురించే కాక రంగుల గురించీ మాట్లాడాయి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణేశుడు 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంగా మారాడు. అంత ఎత్తు మట్టి తనంతట తాను నిలబడదు, లోపల ఉక్కు చట్రం ఉండాల్సిందే. దాన్ని విగ్రహపు లోపం అనుకోనక్కర్లేదు. మట్టి కరిగిపోతుంది, ఉక్కును బయటికి తీసి మళ్లీ వాడొచ్చు. రెండూ విడదీయగలిగేలా ఉండటమే అక్కడ అసలు సంగతి.

ఇది కొత్త కళేనా?

గ్యాలరీల్లో ఈ ధోరణి ఊపందుకున్నది 1960ల తర్వాత. జర్మనీ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ లైబ్ 1975 నుంచి ‘పాలరాళ్లు’ చేస్తున్నారు. తెల్ల పాలరాతి పలక పైభాగాన్ని కంటికి ఆనని లోతుతో చెక్కి, అందులో అంచు దాకా పాలు పోస్తారు. ప్రదర్శన జరిగినన్నాళ్లూ పాలు తీసి, రాయి కడిగి, మళ్లీ పోయాలి. అభిషేకం ఎరిగిన మనకు ఇది వింతగా అనిపించదు. పొలాల్లో చేత్తో సేకరించిన పుప్పొడిని నేల మీద పరిచి కూడా ఆయన శిల్పాలు చేశారు.

మన దేశంలో మృణాళినీ ముఖర్జీ (1949–2015) నార తాళ్లకు రంగు వేసి, ముడి మీద ముడి వేస్తూ మనిషెత్తు రూపాలు కట్టారు. కర్ణాటకకు చెందిన షీలా గౌడ 1990ల ఆరంభం నుంచి పేడను శిల్ప పదార్థంగా తీసుకున్నారు. 2009 నాటి ఒక కృతిలో ఆమె సుమారు 4 కిలోమీటర్ల వెంట్రుకల తాళ్లతో కారు బంపర్లను వేలాడదీశారు. దిష్టి తగలకుండా బండికి వెంట్రుకల తాడు కట్టే అలవాటు నుంచి, మొక్కుగా ఇచ్చే తలనీలాల నుంచి పుట్టిన పని అది. ఇంకో విషయం: ఎండిన పేడలో ఎక్కువ భాగం ఆవుకు అరగని గడ్డి పీచే. పిడక ఎండాక గట్టిగా ఉండేది ఆ పీచు వల్లే. ప్రతీక సంగతి ఎలా ఉన్నా పదార్థంగానూ అది బలమైనదే.

తెలంగాణలో ఈ జ్ఞానం గ్యాలరీల కంటే చాలా పాతది. నిర్మల్ బొమ్మలకు తేలికైన పొనికి చెక్క, చేర్యాల ముసుగులకు చింతగింజల జిగురులో కలిపిన రంపపు పొట్టు వాడతారు. బతుకమ్మ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పళ్లెంలోనో వెదురు సిబ్బిలోనో ఆకులు పరిచి, గునుగు కాడలను కట్టలుగా కట్టి సమంగా కోసి, పూల తలలు బయటికి వచ్చేలా వలయం పేరుస్తారు. తంగేడు, బంతి, కట్ల పూలతో వలయం మీద వలయం కడుతూ పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గిస్తారు. నడుమ ఖాళీని తరిగిన కాడలు, ఆకులతో కూరకపోతే ఐదారు వరుసలకే లోపలికి కుంగుతుంది. బరువు ఎటు దిగుతుందో, పదార్థం ఎన్ని గంటలు నిలుస్తుందో తెలిసిన చేతుల పని ఇది.

మరి ఇది శిల్పమేనా? సమకాలీన కళ అంటే ఒక కర్త, ఒక ఆలోచన, ఒక ప్రదర్శన సందర్భం ఉండాలనీ, పండుగ వస్తువును ఆ పెట్టెలో ఇరికిస్తే పండుగకే అన్యాయమనీ కొందరంటారు. రూపం, నిర్మాణం, ముందే నిర్ణయమైన ముగింపు మూడూ ఉన్నప్పుడు పేరు లేదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం తగదని మరికొందరంటారు. మొదటి వాదనలో పద్ధతి ఉంది, రెండోదానిలో న్యాయం ఉంది. ఏ పేరు పెట్టినా, గ్యాలరీలో పూల శిల్పం చేసే తెలుగు కళాకారులు మొదట నేర్చుకోవాల్సింది ఈ మహిళల దగ్గరే అన్నది నా గట్టి అభిప్రాయం.

చెక్క ఎందుకు బీటలు వారుతుంది: ఒక లెక్క

వానాకాలం ఈదురుగాలులకు నగరంలో కూలిన చెట్ల మొద్దులు శిల్పులకు పెద్ద ఆకర్షణ. (నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.) మొద్దు తెచ్చి, చెక్కి, పాలిష్ పెట్టాక, మూడు నెలలకు మధ్య నుంచి అంచు దాకా పెద్ద పగులు. అందరూ నాసిరకం చెక్క అనుకుంటారు. నిజానికి అది జ్యామితి.

పచ్చి చెక్క ఆరేటప్పుడు అన్ని దిక్కులా సమానంగా కుంచించుకుపోదు. వలయాల వెంబడి తగ్గేది, మధ్య నుంచి బెరడు వైపుకు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మొద్దు నుంచి కోసిన బిళ్లను తీసుకుందాం. వలయాల వెంబడి 8 శాతం, వ్యాసార్థం వెంబడి 4 శాతం కుంచించుకుంటుంది అనుకుందాం. ముందు చుట్టుకొలత 125.6 సెంటీమీటర్లు. ఆరాక వ్యాసార్థం 20 నుంచి 19.2కు తగ్గుతుంది. ఆ వృత్తాన్ని మూయడానికి 120.6 సెంటీమీటర్ల చెక్క కావాలి. కానీ అంచు చెక్క 8 శాతం తగ్గి 115.6 మాత్రమే మిగిలింది. తక్కువైన ఆ 5 సెంటీమీటర్లే పగులు. ఒకే చోట తెరుచుకుంటే ఐదూ అక్కడే కనిపిస్తుంది, నాలుగైదు చోట్ల పంచుకుంటే చిన్న చిన్న నెర్రెలవుతాయి.

తప్పని పగులు ఎక్కడ రావాలో శిల్పి ముందే నిర్ణయించవచ్చు. వెనుక వైపు నుంచి నడిబొడ్డు దాకా రంపంతో ఒక గాటు పెడితే చెక్క ఆ గాటునే తెరుచుకుంటుంది. లోపలి నుంచి బోలుగా తొలిచేసి గోడ మందం తగ్గించడం ఇంకో దారి. రెండు కోత ముఖాలకూ మైనమో చిక్కటి రంగో పూసి నీడలో ఆరబెట్టాలి. ఎందుకంటే చెక్క లోపలి నీరు పక్కల నుంచి కంటే కోత ముఖాల నుంచే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. మే ఎండలో ఆరుబయట పెట్టిన మొద్దు పైన ఎండి, లోపల పచ్చిగా ఉండిపోయి, పైపొర చిట్లుతుంది.

ఆరాక కూడా కదలిక ఆగదు. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దగ్గర ఉంటే ఆగస్టు ఉదయం 80 తాకుతుంది. పూర్తిగా గాలికి సర్దుకున్న చెక్కలో నీటి వాటా ఆ రెండు కాలాల మధ్య సుమారు 6 నుంచి 16 శాతం దాకా మారుతుంది. పై లెక్కలోని 8 శాతంలో మూడో వంతు కదలిక వచ్చినా 30 సెంటీమీటర్ల వెడల్పు పలక 8 మిల్లీమీటర్లు అటూ ఇటూ కదులుతుందన్నమాట. అలాంటి పలకను రెండు చివరలా ఇనుప మేకులతో బిగిస్తే చెక్క కదలలేక చీలుతుంది. ఒక చివర బిగించి, రెండో చివర పొడవాటి రంధ్రంలో మరను వదులుగా ఉంచాలి. ఇంట్లో ఏసీ గాలి నేరుగా తగిలే గోడ మీద చెక్క శిల్పం పెట్టకూడదనేదీ ఇందుకే.

వెదురు తీపి, పురుగుకు విందు

వెదురు తక్కువ కాలానికే పుచ్చిపోతుందన్న పేరు సగం నిజం. పురుగు పట్టేది వెదురులోని పిండి పదార్థం కోసం. రెండేళ్లలోపు లేత బొంగు ఆరితే ముడుచుకుపోతుంది, పిలకలు వేసే వానాకాలంలో కొట్టిన బొంగులో పురుగు త్వరగా పడుతుంది. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగును వానలు వెనకబట్టాక కొట్టడం మంచిది.

శుద్ధికి ఎక్కువగా వాడేది వెలిగారం (బోరాక్స్), బోరిక్ యాసిడ్ మిశ్రమం. 100 లీటర్ల నీటికి 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపితే సుమారు 5 శాతం ద్రావణం వస్తుంది. ముందు కొద్దిపాటి వేడినీటిలో కరిగించి తర్వాత తొట్టెలో పోయాలి. నిండు బొంగైతే పొడవాటి ఇనుప చువ్వతో కణుపుల అడ్డుగోడలన్నీ పొడవకపోతే ద్రావణం లోపలికి పోదు. చీల్చిన బద్దలను వారం నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి. వాడాక మిగిలిన నీటిని మొక్కలకు పోయకూడదు, ఈ రెండిట్లోనూ ఉండే బోరాన్ మోతాదు మించితే మొక్క మాడిపోతుంది.

ఈ శుద్ధికి ఒక పెద్ద పరిమితి ఉంది. ఈ బోరాన్ లవణాలు నీటిలో కరుగుతాయి. పార్కులో వానకు తడిసే వెదురు శిల్పం నుంచి రెండు మూడు వానాకాలాల్లో మందు కారిపోతుంది. అందుకే బయట పెట్టేవాటికి పైకప్పు నీడ, నేలను తాకకుండా రాతి పీట అవసరం. నేలను తాకిన చోట చెదలు ముందుగా వస్తాయి.

పురుగు పడిందని తెలిసేది శిల్పం కింద రాలిన మెత్తటి పిండి వల్ల. చిన్న శిల్పమైతే మ్యూజియంలు గడ్డకట్టించే పద్ధతిని వాడతాయి. ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం వారం, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో అయితే రెండు వారాలు ఉంచుతారు. బయటికి తీశాక సంచిని ఒక రోజు విప్పకూడదు. వెంటనే విప్పితే చల్లటి చెక్క మీద తేమ పట్టి, పురుగు పోయినా బూజు వస్తుంది. రంగు పూత, లక్క, మైనం మందంగా ఉన్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు, పూత చిట్లుతుంది.

గుజ్జు, జిగురు, పుట్టగొడుగు పోగులు

చింతగింజల జిగురు ఇప్పుడు మళ్లీ స్టూడియోల్లోకి వస్తోంది. 100 గ్రాముల గింజల పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, లీటరు నీటిలో అడుగంటకుండా ఉడికిస్తే గట్టి అంబలిలా చిక్కబడుతుంది. అందులో జల్లించిన రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. తప్పు జరిగేది మందం దగ్గర. ఒకేసారి రెండు సెంటీమీటర్లు పెడితే పైన ఎండి, లోపల పులిసి, వాసన వచ్చి, ఊడిపోతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల పొర వేసి, అది పూర్తిగా ఆరాకే తర్వాతి పొర వేయాలి.

జిగురుకు బూజు రాకుండా మైలుతుత్తం కలపడం పాత పద్ధతి. బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది రాగి లవణం, చేపలకు విషం. గింజ, పొట్టు, నీళ్లు అన్నీ సహజమే అయినా, ఆ చిటికెడు నీలం పొడి పడ్డాక ఆ శిల్పాన్ని చెరువులో కలపకూడదు. గోడకు వేలాడే ముసుగుకు అది సరైన నిర్ణయం, నిమజ్జనం చేసే విగ్రహానికి తప్పు నిర్ణయం.

పుట్టగొడుగు పోగులతో శిల్పం ఇటీవలి పద్ధతి. వరిగడ్డి ముక్కల్లో శిలీంధ్రాన్ని పెంచితే తెల్లటి పోగులు అల్లుకుని అచ్చు ఆకారంలో గట్టిపడతాయి. తరిగిన గడ్డిని నానబెట్టి, 65–70 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, చల్లార్చి, తడి బరువులో 5 నుంచి 10 శాతం పుట్టగొడుగు విత్తనం కలిపి, శుభ్రమైన అచ్చులో నింపాలి. గడ్డిని పిడికిట్లో గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలే రావాలి. ధారగా కారితే గాలాడక కుళ్లుతుంది. 25 డిగ్రీల చుట్టుపక్కల రెండు వారాల్లో అల్లుకుంటుంది. మన వేసవిలో చల్లటి గది లేకుండా ప్రయత్నిస్తే పోగులు నీరసించి ఆకుపచ్చ బూజు గెలుస్తుంది, అప్పుడు ఆ అచ్చు మొత్తం పారేయాల్సిందే. చివర్లో 70–80 డిగ్రీల వేడిలో పూర్తిగా ఎండబెట్టకపోతే ప్రదర్శన మధ్యలో శిల్పం నుంచి పుట్టగొడుగులు మొలుస్తాయి. కొందరు కళాకారులు కావాలనే అలా వదిలేస్తారు, అది వేరే సంగతి.

కాపాడాలా, పోనివ్వాలా?

ఇక్కడ నిజమైన అభిప్రాయ భేదం ఉంది. అమెరికా కళాకారిణి జో లియొనార్డ్ 1990లలో దాదాపు 300 పండ్ల తొక్కలను ఎండబెట్టి, సూదీ దారంతో కుట్టి ఒక కృతి చేశారు. వాటిని పాడవకుండా నిలిపే పద్ధతి ఒకటి నిపుణుడొకరు కనిపెట్టి చూపించాక, ఆమె వద్దన్నారు. కుళ్లిపోవడమే ఆ కృతి చెప్పే మాట అని ఆమె నిర్ణయం. అది ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. బ్రిటన్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 1991లో ద్రావణంలో ఉంచిన షార్క్ కథ దీనికి ఎదురు. అది పాడైపోతే 2006లో దాని స్థానంలో మరో షార్క్‌ను పెట్టారు. ఆలోచనే కృతి, పదార్థం మార్చవచ్చు అన్నది అక్కడి వాదన. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ గోడకు టేపుతో అంటించిన అరటిపండు 2024లో 62 లక్షల డాలర్లు పలికిందంటే, ఆ విలువ పండుది కాదు, దాన్ని మళ్లీ ఎలా అంటించాలో చెప్పే పత్రానిది.

భద్రపరచడాన్ని సమర్థించేవారి మాటలోనూ బలముంది. ఉన్నవన్నీ కరిగిపోతే రేపటి విద్యార్థికి ఫొటోలే మిగులుతాయి. పైగా, పేరున్నవారి అశాశ్వత కృతులకు మంచి ఫొటోలు, పత్రాలు ఉంటాయి. పల్లె కళాకారులవి ఏ గుర్తూ లేకుండా పోతాయి.

రెండు పడవల మీద కాళ్లు పెట్టే పని మాత్రం సమస్యే. ఎండు పూలను, ఆకులను ఎపాక్సీ రెజిన్‌లో పోతపోసి ‘సహజ శిల్పం’గా అమ్మడం బాగా పెరిగింది. అందమైన వస్తువే, కాదనను. కానీ రెజిన్ గట్టిపడ్డాక అది కరగని, మళ్లీ కరిగించి వాడలేని ప్లాస్టిక్. లోపలి పువ్వు ఇక మట్టికి చేరదు. ఆ వస్తువును సహజం అనడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే.

కొనేటప్పుడు చేతికి రావాల్సిన కాగితం

సేంద్రియ శిల్పం ధరలో ఎక్కువ భాగం పదార్థానిది కాదు, దాని గురించిన స్పష్టతది. శిల్పి సంతకంతో ఒక పేజీ ఉండాలి. 60 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక గోడ శిల్పానికి ఆ పేజీ ఇలా ఉండొచ్చు: “లోపల చీల్చిన వెదురు, వెలిగారం–బోరిక్ ద్రావణంలో శుద్ధి చేసింది. కీళ్ల దగ్గర ఇనుప తీగ, ఏడు చోట్ల. పైన చింతగింజల జిగురు, రంపపు పొట్టు, ఆరు పొరలు. మొదటి రెండు పొరల్లో మైలుతుత్తం ఉంది. ఎండ, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. వానాకాలంలో గోడకు రెండు అంగుళాల ఎడం ఉంచాలి. సన్నటి నెర్రెలు వస్తాయి, పూడ్చవద్దు. పొర ఊడితే అదే జిగురుతో అతికించవచ్చు, ఫెవికాల్ వాడవద్దు. పురుగు పిండి కనిపిస్తే మిగతా చెక్క సామాను నుంచి వెంటనే దూరంగా పెట్టి నాకు చెప్పాలి. బాగుచేయలేనంతగా విరిగితే మళ్లీ చేయించవద్దు. ఏడు తీగలూ తీసేసి, మిగిలినదాన్ని చెరువుకు, కూరగాయల మడికి, మొక్కలకు దూరంగా పాతిపెట్టండి.”